ప్రార్థన వేళ వచ్చిన ప్రభువు

గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. పన్నెండు కొట్టగానే హంఫ్రీ ఫెల్ ప్రభువుల సభలో నిందితుల్ని నిలబెట్టే అడ్డకమ్మి ముందు మోకరిల్లాలి. అట్నుంచి అటే ఫ్లీట్ జైలుకి. మధ్యలో మిగిలింది మూడున్నర గంటలు. ఈలోగా హంఫ్రీని ఎలా బయటపడేయాలా అని జర్వేస్ పింక్నీ పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ గింజుకుంటున్నాడు.

పింక్నీ సభలో నల్లకోల పట్టుకుని కాపలా వ్యవహారాలు చూసే దొరగారికి సహాయకుడు. తలుపుల తాళాలు అతని దగ్గరే ఉంటాయి. సభలో ఏదైనా తేడా జరిగితే ఆరా తీయాల్సిందీ అతనే. యాభై దాటాయి, ఎడమకాలి బొటనవేలు వాతంతో వాచి ఉంటుంది, నోరు మాత్రం శుభ్రంగా పనిచేస్తుంది. హంఫ్రీ సభ గుమాస్తా, నోట్లో నాలుక లేని మనిషి. రాజుగారు ప్రవాసం నుంచి తిరిగొచ్చి ఈ సభ తలుపులు మళ్ళీ తెరిచిన నాటి నుంచీ, అంటే పదిహేనేళ్ళుగా, ఇద్దరూ రోజూ ఒకే పళ్ళెంలో తింటున్నారు. హంఫ్రీ భార్య మార్జరీ మాంసం కూరి కాల్చి పంపే రొట్టెలో పెద్ద ముక్క ఎప్పుడూ పింక్నీదే.

గొడవంతా హాజరు పట్టీలో పెట్టిన ఒక్క చుక్క గురించి. సభకు రాలేని ప్రభువు తన ఓటును స్నేహితుడికి రాసివ్వవచ్చు. స్టావెరింగ్ ప్రభువు అలాగే తన బదులు ఓటు వెక్స్‌కం ప్రభువుకు రాసిచ్చి, జబ్బుతో ఇస్లింగ్టన్‌లో పడుకున్నాడు. అయితే రాసిచ్చిన మనిషే సభలో అడుగు పెడితే ఆ కాగితం ఆ క్షణాన్నే చెల్లకుండా పోతుంది. నిన్న పదకొండింటికి హాలిన్ చిత్తడి నేలకు కంచె వేసే బిల్లు మీద ఓట్లు తీశారు. బదులు ఓట్లు లెక్కపెట్టే సమయంలో హంఫ్రీ లేచి, "స్టావెరింగ్ ప్రభువు ఇవాళ పొద్దున వచ్చారు, చుక్క పెట్టాను, ఈ ఓటు చెల్లదు" అన్నాడు. దాంతో అటు ముప్ఫై నాలుగు, ఇటు ముప్ఫై నాలుగు. సమానమైతే 'సమ్మతం కాదు' అన్నవాళ్ళదే గెలుపు. బిల్లు పడిపోయింది.

స్టావెరింగ్ ఓటును బిల్లు వైపు వేసిన వెక్స్‌కం ప్రభువు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. స్టావెరింగ్‌ను చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని సభ నలుమూలలా అడిగారు. ఒక్కరూ లేరు. ద్వారపాలకుడు ఆయన రాలేదని ప్రమాణం చేశాడు. పైగా హంఫ్రీ పుట్టింది ఆ హాలిన్ చిత్తడి పల్లెల్లోనే. ఇంకేం కావాలి? సొంతవాళ్ళ కోసం దొంగ చుక్క పెట్టాడని తేల్చేశారు. ఇవాళ మధ్యాహ్నం లోపు రుజువు చూపించకపోతే చుక్క కొట్టేస్తారు, బిల్లు నెగ్గుతుంది, గుమాస్తా జైలుకెళతాడు.

"ఒరేయ్, ఇంకోసారి చెప్పు," అన్నాడు పింక్నీ, గుమాస్తాల గదిలో బల్ల అంచున కూర్చుంటూ.

"ఎన్నిసార్లు చెప్పనురా? ప్రార్థన సగంలో వచ్చారు. ఆమెన్ అనకముందే వెళ్ళిపోయారు. చుక్క పెట్టాను."

"అందరి తలలూ వంగి ఉన్నాయి, సరే. నీ ఒక్కడికే ఎలా కనిపించాడు?"

పింక్నీ బల్లమీది హాజరు పట్టీని చేతిలోకి తీసుకున్నాడు. కాగితం ఎడమ అంచు పొడుగునా ఒక నూలు పోగు కుట్టి ఉంది. పోగు నిండా ముళ్ళు. పేరుకొక ముడి, బారన్లనే చిన్న హోదా ప్రభువుల వరస మొదలయ్యే చోట జంట ముడి. చూపుడువేలితో ముళ్ళు తడుముతూ కిందికి వెళితే పందొమ్మిదో ముడి దగ్గర స్టావెరింగ్ పేరు. కాగితాన్ని తలకిందులుగా తిప్పి స్నేహితుడి ముందు పెట్టాడు.

"మొదటి మూడు పేర్లు చదువు."

హంఫ్రీ కాగితం వైపు తల వంచి మూడు పేర్లు గడగడా అప్పజెప్పాడు.

"తలకిందులుగా ఉందిరా అది," అన్నాడు పింక్నీ మెల్లగా. "ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు. మొదట చూపు అంచులు పోయాయి. ఇప్పుడు కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతే."

"మరి సభ చిట్టా రోజూ తప్పులేకుండా వస్తోంది?"

"నేను చెబుతుంటే మార్జరీ రాస్తుంది. నా చేతిరాత నాకంటే ఆవిడకే బాగా వచ్చు."

"పదిహేనేళ్ళు ఒక పళ్ళెంలో తిన్నాం. నాకు ఒక్క ముక్క చెప్పలేదు."

"చెబితే నువ్వూ దాచాల్సొచ్చేది. ప్రమాణం చేసిన మనిషివి, నిన్నెందుకు ఇరికించడం అనుకున్నాను."

పింక్నీకి కోపమూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఏది ముందో తేల్చుకోలేక ముక్కు చీదుకున్నాడు. "సరే, ఏడుపులు తర్వాత. స్టావెరింగ్‌ని నువ్వు చూళ్ళేదన్నమాట."

"విన్నాను. ముందు కర్ర, తర్వాత ఎడమ కాలు, ఆ తర్వాత కుడికాలు ఈడ్చుకుంటూ. సింహాసనానికి వంగినప్పుడు ఆయన కుడి మోకాలు రెండుసార్లు చిటుక్కుమంటుంది. అలాంటి మోకాలు సభ మొత్తంలో ఇంకోటి లేదు. సింహాసనం పక్కనున్న చిన్న తలుపులోంచి వచ్చారు. కర్ర పొయ్యి కమ్మికి తగిలింది. మళ్ళీ అటే వెళ్ళారు."

"నిన్న సభలో ఈ మాట ఎందుకనలేదు?"

"ఎలా తెలిసిందని అడుగుతారుగా?"

గుమ్మం దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. జోసయా క్రౌచ్. సభ వారెంట్లు పట్టుకెళ్ళి మనుషుల్ని లాక్కొచ్చే బంట్రోతుల పెద్ద. పింక్నీ నడుంలో వేలాడే తాళాలగుత్తి మీద అతనికి ఏళ్ళ తరబడి కన్ను.

"బాగుందండీ. గుడ్డి గుమాస్తా, కుంటి దర్యాప్తు. సభవారికి మంచి వినోదం."

"తలుపు చాటున నిలబడి వినడం మీ అమ్మ నేర్పిందా, క్రౌచ్?"

"సభ నేర్పింది. నిన్న రెండింటికి నేను ఇస్లింగ్టన్ వెళ్ళొచ్చాను, తెలుసుగా? స్టావెరింగ్ ప్రభువు మంచం మీదున్నారు. జ్వరం మండిపోతోంది, పక్కనున్న నర్సునే గుర్తుపట్టట్లేదు. ఆ మనిషి పొద్దున తొమ్మిదింటికి ఇక్కడికొచ్చి దణ్ణం పెట్టి వెళ్ళాడా? ఎవరి చెవిలో పూలు పెడతారు?" అతను హంఫ్రీ వైపు తిరిగాడు. "ఇప్పుడు కళ్ళు కూడా లేవని తేలింది. పన్నెండింటికి నాకు పెద్దగా చెప్పాల్సిన పని కూడా లేదు."

అతను వెళ్ళాక పింక్నీ చాలాసేపు తనను తానే తిట్టుకున్నాడు. ఆ కాగితం తిప్పకపోతే ఏం పోయేది? తన తెలివితేటలతోనే ప్రాణస్నేహితుడి పీక మీదికి కత్తి తెచ్చాడు.

తొమ్మిదింటికి ప్రార్థన మొదలైంది. పింక్నీ తలుపు దగ్గర తల వంచుకు నిలబడ్డాడు గానీ చెవులు మాత్రం పనిలోనే ఉన్నాయి. చదువుతున్నది ఒక ముసలి బిషప్. మధ్యలో దగ్గు, ఒక పేజీ రెండుసార్లు, ఇంకో పేజీ అసలే లేదు. పింక్నీ చప్పున తల ఎత్తాడు. ప్రార్థన చదవడం అందరికంటే కొత్తగా వచ్చిన బిషప్ వంతు. అంటే థియోఫిలస్ గార్త్ చదవాలి. నిన్న చదివింది ఆయనే. సభ మొత్తం తల వంచి కళ్ళు మూసుకున్నప్పుడు పుస్తకం చూసి చదివేవాడి కళ్ళు తెరిచే ఉంటాయి కదా! ఆ ఒక్క మనిషి ఇవాళ సభకు రాలేదు. నిన్న ఓట్ల సమయంలో కూడా బిషప్పుల బల్ల చివర ఖాళీగా ఉన్నట్టు ఇప్పుడు గుర్తొచ్చింది.

తొమ్మిదిన్నరకు సింహాసనం వెనకవైపు నడవాలోకి వెళ్ళాడు. అక్కడ ఎవరికీ పని ఉండదు, పొయ్యికి బొగ్గు మోసేవాళ్ళకు తప్ప. నేలంతా బొగ్గుపొడి. నిన్న గొడవ కాగానే పింక్నీ స్వయంగా తాళం వేశాడు కాబట్టి ఎవరూ ఊడ్వలేదు. దీపం కిందికి దించాడు. ముందుగా కర్ర ముద్రలు, చిన్నకాసంత గుండ్రంగా. వాటి పక్కన మెత్తని చెప్పు గుర్తులు, కుడికాలు ఈడ్చిన చార. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి. చార పక్కనే మరో జత చెప్పులు, బక్కపలచటి మనిషివి, ఆసరాగా నడిచినవి.

పింక్నీ మొహం విప్పారింది. 'ఒరేయ్ హంఫ్రీ, నీ చెవులు చల్లగా ఉండ' అనుకున్నాడు. అంతలో ఇంకోటి కనిపించింది. ఆ రెండు జతల వెనక, దూరంగా, బూటు గుర్తులు. మడమ కింద గుర్రపునాడా ఆకారంలో ఇనప బద్ద. చిన్న తలుపు దాకా వచ్చి, ఆగి, వెనక్కి తిరిగాయి. ఎవరో వెంబడించారు. తలుపు సందులోంచి చూసి వెళ్ళిపోయారు. అంటే స్టావెరింగ్ వచ్చాడని తెలిసిన మనిషి ఇంకొకడున్నాడు. తెలిసి కూడా నోరు మెదపలేదు.

"ఎవరది లోపల?" క్రౌచ్ గొంతు. వెనక చీపురు పట్టుకుని ఊడ్చే ఆవిడ. "నడవా శుభ్రం చేయించమన్నారు," అన్నాడు క్రౌచ్.

"ఎవరన్నారు?"

"పెద్దలు."

"పెద్దలకు పేర్లుంటాయి. చెప్పు, రాసుకుంటాను."

"ఎందుకండీ పంతం? పోయే మనిషి ఎలాగూ పోతాడు. ఆ మనిషితో పాటు మీరు కూడా మునగడం దేనికి?"

"మునిగేవాడి చెయ్యి పట్టుకోవడం నాకు అలవాటు. నీకెవరూ లేరు కాబట్టి తెలీదు. లోపలికొచ్చి చూడు, నీకే అర్థమవుతుంది."

క్రౌచ్ గడప దాటలేదు. దీపం వెలుగులో అతని మొహం కాస్త బిగుసుకుంది. పింక్నీ బయటికొచ్చి తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవిని చొక్కా లోపలికి జారవిడిచాడు. ఊడ్చే ఆవిడ మాత్రం హమ్మయ్య అనుకుంటూ చీపురు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

పదింపావుకు పింక్నీ నది ఒడ్డున బిషప్ గార్త్ బస తలుపు తట్టాడు. తలుపు తీసింది బిషప్పే, బక్కపలచటి మనిషి. చేతిలో గరిటె, మొహాన బార్లీ గంజి.

"నౌకర్లు లేరా అయ్యగారూ?"

"పంపించేశాను. అతిథి ఉన్నారు, ఒంట్లో బాలేదు. సభ సంగతులా? తర్వాత మాట్లాడదాం."

"తర్వాతంటే కుదరదు. నిన్న ప్రార్థన చదువుతూ మీరు స్టావెరింగ్ ప్రభువుని చూశారు. చూడటం కాదు, ముందు మీరే ఆయన్ని నడవాలోంచి తలుపు దాకా తీసుకొచ్చారు."

బిషప్ గరిటె వంక చూశాడు. "నేను మాటిచ్చాను, పింక్నీ."

"ఆ మాటకి ఒక మనిషి జైలుకెళుతున్నాడు."

"జైలుకా? ఎవరు?"

ఆయన మొహం చూస్తే పింక్నీకి అర్థమైంది, ఈయనకి ఏమీ తెలియదు. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. చుక్క, ఓట్లు, పన్నెండు గంటల గడువు, క్రౌచ్ ఇస్లింగ్టన్ ప్రయాణం. చివరి మాట దగ్గర బిషప్ చెయ్యెత్తాడు.

"ఇస్లింగ్టన్‌లో ఎవర్ని చూసొచ్చాడట? ఆమెన్ కాకముందే ఆయన నడవా దాటగానే కూలబడ్డారు. ప్రార్థన ముగియగానే నేను పరిగెత్తి, మనుషులు మోసే కుర్చీలో ఇక్కడికి తీసుకొచ్చాను. నిన్నటి నుంచీ నా మంచం మీదే ఉన్నారు."

"ఎవరది, థియో? గొణుగుడు ఆపి ఆ గంజేదో తగలెయ్యి, నాకు వద్దు," అని లోపలి గదిలోంచి ఒక ముసలి గొంతు కసిరింది.

స్టావెరింగ్ ప్రభువుకు డెబ్బై ఎనిమిదేళ్ళు. దిండ్ల మధ్య ఎముకలగూడులా ఉన్నాడు గానీ కళ్ళు చురుగ్గా ఉన్నాయి. బిషప్ చిన్నప్పుడు ఆయన ఇంట్లోనే పెరిగి చదువుకున్నాడు. బదులు ఓటు రాసిచ్చేనాటికి చిత్తడి బిల్లు ఊసే లేదు. వారం కిందట బిషప్ పలకరించడానికి వెళ్ళి ఆ సంగతి నోరుజారాడు.

"మూడొందల ఇళ్ళయ్యా అక్కడ," అన్నాడు ముసలాయన. "ఆ నీళ్ళూ, ఆ రెల్లూ, నాలుగు బాతులూ లేకపోతే వాళ్ళేం తిని బతకాలి? నా పేరు చెప్పి వాళ్ళ కొంపలు ముంచుతానంటే ఊరుకోనా?"

"ఓటు రద్దు చేస్తున్నానని ఒక ముక్క రాసి పంపితే సరిపోయేదిగా ప్రభూ?"

"రాస్తే సభ పుస్తకంలో ఎక్కుతుంది. లయనెల్ మీద నాకు నమ్మకం పోయిందని అందరూ చదువుకుంటారు." లయనెల్ అంటే వెక్స్‌కం ప్రభువు. "యుద్ధంలో నా గుర్రం కూలితే తన గుర్రం మీదికి లాక్కున్న మనిషి. అలాంటివాడి పరువు బజారున పెట్టనా? ఒకసారి లోపలికెళ్ళి బయటికొస్తే కాగితం దానంతటదే చస్తుంది, ఎవరికీ మాట రాదు అనుకున్నాను."

"మాట హంఫ్రీకి వచ్చింది ప్రభూ."

"ఏ హంఫ్రీ? ఆ గుమాస్తానా? తల ఎత్తకుండానే మంచినీళ్ళు కావాలా ప్రభూ అని అడుగుతాడే, అతనా?"

"అతనే. అతనికి చూపు లేదు. మీ మోకాలి చప్పుడు విని చుక్క పెట్టాడు."

ముసలాయన చేతులానించి లేచి కూర్చున్నాడు. తర్వాత దుప్పటి తీసేశాడు. "నా చెప్పులేవీ?"

"వద్దు," అన్నాడు బిషప్. "వైద్యుడు ఏం చెప్పాడు? ఇంకోసారి లేస్తే ప్రాణం మీదికొస్తుందన్నాడు. నేను వెళ్ళి సాక్ష్యం చెబుతాను, చాలు."

"నువ్వు నా పెంపుడు బిడ్డవని ఊరందరికీ తెలుసు. క్రౌచ్ మాట మీద నీ మాట, ఎవరు నమ్ముతారు? చెప్పులు తీసుకురా నాయనా."

ఒక స్నేహితుణ్ణి కాపాడటానికి చావు మంచం మీది మనిషిని లేపుకెళ్ళడమా? వద్దనడానికి పింక్నీ నోరు తెరిచాడు. మార్జరీ మొహం కళ్ళ ముందు మెదిలింది. నోరు మూసుకుని, వంగి, ఆ ముసలి పాదాలకు తానే చెప్పులు తొడిగాడు.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా మోత కుర్చీ సభ ముందు దిగింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల క్రౌచ్ గొంతు ఖంగుమంటోంది.

"నేనిప్పుడు ఎన్ని వేళ్ళు చూపిస్తున్నాను, ఫెల్? సభవారికి చెప్పు."

"తెలీదు," అన్నాడు హంఫ్రీ. అడ్డకమ్మి ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. వీపు తలుపు వైపు. "నాకు చూపు పోయి మూడేళ్ళయింది ప్రభువులారా. దాచినందుకు ఏ శిక్ష వేసినా సరే. కానీ చుక్క దొంగది కాదు."

బల్లల మీద నవ్వులు. ఎవరో జాలిగా నిట్టూర్చారు. తన ఆసనమైన ఉన్నిమూట మీద కూర్చున్న సభాపతి చెయ్యెత్తి నిశ్శబ్దం చేయించాడు. ద్వారపాలకుడు రాకను చాటబోయాడు. పింక్నీ అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టి, ముసలాయన చెవిలో, "ప్రభూ, మీరొక్కరే నడవండి. ఏమీ మాట్లాడకండి," అన్నాడు. తలుపు బార్లా తీశాడు.

కర్ర. ఎడమ కాలు. కుడికాలి ఈడ్పు. లోపలివాళ్ళు ఒక్కొక్కరే తలుపు వైపు తిరిగి నోరు తెరుచుకుని ఉండిపోయారు. ఎవరూ పేరు పలకలేదు. ముసలాయన ఖాళీ సింహాసనం వైపు వంగాడు. మోకాలు చిటుక్కుమంది, మళ్ళీ చిటుక్కుమంది.

"స్టావెరింగ్ ప్రభువు వచ్చారు," అన్నాడు హంఫ్రీ, తల తిప్పకుండా. "ఎవరైనా పట్టుకోండయ్యా. నిన్నటికంటే శ్వాస బాగా ఎగబోస్తోంది."

సభాపతి లేచి నిలబడ్డాడు. "స్టావెరింగ్ ప్రభూ, నిన్న ప్రార్థన వేళ మీరు ఇక్కడికి వచ్చారా?"

"వచ్చాను. ఎందుకొచ్చావని మాత్రం అడక్కండి. నా సభకి నేనొచ్చాను."

"ఇస్లింగ్టన్‌లో చూశానని క్రౌచ్ చెప్పాడే?"

"ప్రభువులు నిన్నటి నుంచీ నది ఒడ్డున బిషప్ గార్త్ గారి మంచం మీదున్నారు," అన్నాడు పింక్నీ. "ఇంకోటి కూడా ఉంది. నిన్న ఆయన వెనకే ఎవరో చిన్న తలుపు దాకా వచ్చి చూసి వెళ్ళారు. బూటు మడమకి ఇనప నాడా. గుర్తులు భద్రంగా ఉన్నాయి."

"అవును," అన్నాడు హంఫ్రీ. "నేనూ విన్నాను. అందరి బూట్లకీ ఇనుమే, అందుకని పేరు చెప్పడానికి ధైర్యం చాల్లేదు. ఇందాక అడ్డకమ్మి దాకా నన్ను నడిపించుకొచ్చినప్పుడు రూఢి అయింది. ఎడమ మడమలో ఒక మేకు వదులు, అడుగు వేసినప్పుడల్లా గిలక్కుమంటుంది. ఆ మనిషి ఇప్పుడు నా భుజం పట్టుకునున్నాడు ప్రభూ."

క్రౌచ్ చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు. అతను సభాపతి వైపు చూడలేదు, పింక్నీ వైపూ చూడలేదు. బారన్ల బల్ల మీద కూర్చున్న వెక్స్‌కం ప్రభువు వైపు చూశాడు. అంతే, సభ మొత్తం ఆ చూపు వెంటే వెళ్ళింది. పింక్నీకి అప్పుడు అర్థమైంది. ముసలాయన ఎవరి పరువు కోసం మంచం దిగి దొంగలా వచ్చి వెళ్ళాడో, ఆ మనిషికి నిన్ననే అంతా తెలుసు.

"లయనెల్," అన్నాడు స్టావెరింగ్. "నేను వచ్చినట్టు నీకు తెలుసా?"

వెక్స్‌కం ప్రభువు మోకాళ్ళ మీది చేతుల్ని చూసుకున్నాడు.

"తెలుసు," అన్నాడు.

"గుమాస్తా ఫెల్, లే," అన్నాడు సభాపతి. "నీ చుక్క ఉంటుంది, బిల్లు పడిపోయినట్టే. బంట్రోతుల్ని పిలిచి క్రౌచ్‌ను పట్టుకోమనండి."

పింక్నీ ఒక అంగలో హంఫ్రీని చేరి, చంకల కింద చేతులు వేసి లేపాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. సభ మాత్రం వాళ్ళను చూడటం లేదు. స్టావెరింగ్ ప్రభువు కర్ర తాటించుకుంటూ బారన్ల బల్ల దాకా వెళ్ళి ఆగాడు. వెక్స్‌కం తల ఎత్తలేదు. ముసలాయన ఆ వంగిన తలని కాసేపు చూశాడు.

"కాస్త జరుగు లయనెల్," అన్నాడు. "నిలబడలేకపోతున్నాను."

వెక్స్‌కం జరిగాడు.